అంగటి ఆవకాయయు గృహస్థ ధర్మమును

ఇంట చేయదగిన వస్తువును అంగటిలో కొని తెచ్చుకొనుట ధర్మమా, కాదా? ఈ ప్రశ్నము వినుటకు మిక్కిలి చిన్నదిగా తోచును. కొందఱు నవ్వుదురు గూడ. కాని మైలాపూరులో రెండు మూడు తరములుగా కాపురమున్న తెలుగు కుటుంబములలో వేసవి వచ్చినప్పుడెల్ల ఇది ఏదో యొక రూపమున తల యెత్తుచునే యున్నది. “ఈ యేడు ఆవకాయ పెట్టినారా, కొన్నారా?” అని పేరంటములందును పెండ్లిండ్లయందును అడుగుట వాడుక. పెట్టినామని చెప్పునప్పుడు కంఠము పెద్దదగును. కొన్నామని చెప్పునప్పుడు కొంచెము తగ్గును. ఆ తగ్గుటలో విచారింపదగిన విషయమొకటి యున్నదని మా యభిప్రాయము.

మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, జీవితములో ఎక్కువ భాగము గుమాస్తాగిరిలో గడపి విరమించినవారము. కాగితమును మొదటినుండి చివరివరకు చదివిన పిదపగాని పై యధికారికి పంపరాదను అలవాటు మాత్రము మాకున్నది. ఈ విషయమునుగూడ ఆ తీరుననే పరిశీలింతుము.

కొనరాదనువారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆవకాయ పెట్టుట కేవలము ఒక పదార్థమును తయారుచేయుట కాదనియు, అది ఇంటిల్లిపాదికిని ఏటేట వచ్చు పండుగ యనియు వారందురు. పూర్వము కొత్వాలుచావడికి పోయి కాయలను బేరమాడి తెచ్చెడివారు. 1996లో ఆ టోకు మార్కెట్టు కోయంబేడునకు తరలినది. కాయలకై అంత దూరము పోవువారు నేడు కొందఱే. పులుపును పీచును గలిగి, టెంక ముదిరిన కాయలనేరి, కడిగి, తడి లేకుండ తుడిచి, టెంకతోడనే ముక్కలు కొట్టి, జీడిని తీసివేసి, ఆవపిండి, మిరపపొడి, ఉప్పు కలిపి, నువ్వులనూనె పోసి, జాడికెత్తి వాసెన కట్టి, మూడవనాడు తిరుగ కలిపినగాని అది ఆవకాయ కాదు. ఈ క్రమములో పిల్లలకు కొలతయు ఓర్పును అలవడును. కొనిన సీసాలో ఆవకాయ వచ్చును గాని ఈ శిక్షణ రాదు. ఇంతవరకు వారి మాట సత్యమే.

అయితే ఆ పండుగలో ఎవరి చేతులు మండినవి? కాయలు తెచ్చుట మగవారి వంతు, మెచ్చుకొనుటయు వారి వంతే. తుడుచుట, దంచుట, కలుపుట, ఏడాది పొడవున తడి తగులకుండ కాపాడుట స్త్రీల వంతు. మే నెల యెండలో, గాలి చొరని వంటయింటిలో, పదిమందికి వండి వడ్డించిన పిదప మిగిలిన గంటలలో వారీ పని చేసిరి. నేడు అదే స్త్రీ ఉదయము ఎనిమిది గంటలకు కచేరికి పోయి సాయంకాలము ఏడింటికి తిరిగివచ్చుచున్నది. లేదా అరువదియేండ్లు దాటి మణికట్టు నొప్పితో చెంచా పట్టుటకే కష్టపడుచున్నది. అట్టివారిని చూచి, “మన సంప్రదాయము పోవుచున్నది” అని కుర్చీలో కూర్చుండి విచారించుట న్యాయము కాదు. ఒకరి శ్రమపై నిలిచిన సంప్రదాయమును పొగడుటకు శ్రమించినవారికే మొదటి హక్కు. ఇంట పెట్టవలెనని యెవరికి గట్టి కోరిక యున్నదో వారు కత్తిపీట ముందు తాము గూడ కూర్చుండవలెను. అందఱును కలిసి పెట్టుకొను ఇల్లు ధన్యమైనదే. అట్లు కానిచో కొనుటయే దయ.

ఇక “తాత ముత్తాతల నాటిది” అను మాటను విచారింతము. ఆవకాయకు ప్రాణమైన మిరప మన దేశపు పంట కాదు. అది అమెరికా ఖండమునకు చెందినది. 1492లో కొలంబసు అచ్చటికి చేరిన పిదప, పదునాఱవ శతాబ్దములో పోర్చుగీసు వర్తకులద్వారా మన తీరములకు వచ్చినది. అంతకుముందు మన పెద్దలకు కారమనగా మిరియములే. క్రొత్త కాయకు మిరియముల పేరును పోలిన పేరే పెట్టుకొంటిమి. నాలుగైదు వందల యేండ్లలో గుంటూరు పేరు వినినంతనే మిరపకాయ గుర్తుకు వచ్చునంతగా అది మనదైపోయినది. కాబట్టి పుట్టిన చోటునుబట్టి ఒక వస్తువు మనదా కాదా యని చెప్పలేము. మనము దానిని ఎట్లు తెలిసికొని, ఎట్లు వాడుకొంటిమో దానినిబట్టియే చెప్పవలెను.

నేడు మన పెద్ద దుకాణములలో ఆవకాయ సీసాల ప్రక్కనే మెక్సికో దేశపు తీరున చేసిన టోర్టియా చిప్సును సాల్సాయు అమ్ముచున్నారు. “తాతయ్యా, ఇది వాళ్ల అప్పడము, ఇది వాళ్ల పచ్చడి” అని మనుమలు చెప్పినచో ఆ మాట చాలవఱకు సరియైనదే. టొమాటో, ఉల్లి, మిరప కలిపినది సాల్సా. మొక్కజొన్న రొట్టెను ముక్కలు చేసి వేయించినవి చిప్సు. లాస్ ఏంజెలిస్ నగరములో టోర్టియాల కార్ఖానా నడపిన రెబెక్కా వెబ్ కరాంజా అను మహిళ, యంత్రమునుండి వంకరగా వచ్చి పాఱవేయవలసిన రొట్టెలను త్రికోణములుగా కోయించి వేయించి అమ్మినదని ప్రసిద్ధి. అది 1940లనాటి మాట. ఆ నగరమున ఆ తినుబండారమునకు పేరు తెచ్చినది ఇంటి వంటశాల కాదు, కార్ఖానాయే. సాల్సాయో, పూర్వము ఇంటింట రాతిపై నూఱుకొనిన పచ్చడి. నేడు అదియు సీసాలలో నిండి దేశదేశములు తిరుగుచున్నది. అచ్చటి ముసలివారును “సీసాలోనిది సాల్సాయా?” అని ప్రశ్నింపకుందురా? మన చింత మనకొక్కరికే కలిగినది కాదు.

ఈ మొక్కజొన్న చరిత్రలో మనము నేర్చుకొనదగిన గొప్ప పాఠమొకటి కలదు. మెక్సికో ప్రజలు మొక్కజొన్నను సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి, కడిగి, ఆ పిమ్మట రుబ్బుదురు. అందువలన పొట్టు ఊడును, పిండి సాగును, గింజలో బంధింపబడియున్న నయాసిన్ అను విటమిను శరీరమునకు అందును. ఐరోపా ఖండమువారు గింజను తీసికొనిపోయిరి, సున్నపు నీటి విధానమును తీసికొనిపోలేదు. పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దములలో ఉత్తర ఇటలీయందును, ఇరువదవ శతాబ్దపు ఆరంభమున అమెరికా దక్షిణ రాష్ట్రములయందును, మొక్కజొన్నయే ముఖ్యాహారమైన బీదవారు పెల్లాగ్రా అను రోగమువాత పడి వేలకు వేలు మరణించిరి. వస్తువు వచ్చినది, దాని వెనుకనున్న తెలివి రాలేదు. నష్టమంతయు అందుండియే కలిగినది.

మా సమాధానమునకు ఇదియే మొదటి మెట్టు. శ్రమను ఇతరులకు ఒప్పగింపవచ్చును, తెలివిని ఒప్పగింపరాదు. ఆవకాయ పెట్టనివారును ఆవకాయ యెట్లు నిలువయుండునో తెలిసియుండవలెను. ఉప్పును పులుపును క్రిములను పెరుగనీయవు. పైకి తేలిన నూనె గాలిని ఆపును. గాలి తగులనిచో బూజు పట్టదు. తడి చెంచా వీనినన్నిటిని చెఱచును. ఇది తెలిసినవాడు సీసాను చూచి కొంతవఱకు మంచి చెడ్డలు గ్రహింపగలడు. ఆహార భద్రతా ప్రమాణముల చట్టము 2006లో వచ్చినది. దాని నిబంధనలనుబట్టి సీసాపై దినుసులను బరువులో ఎక్కువదానినుండి తక్కువదానికి వరుసగా వ్రాయవలెను. మామిడి ముక్కలకంటె ముందు ఉప్పో నూనెయో ఉన్నచో మనము దేనికి డబ్బిచ్చుచున్నామో తెలియును. నువ్వులనూనెయా, పత్తిగింజల నూనెయా, తవుడు నూనెయా యనునది అచ్చటనే యుండును. 211 అను అంకె సోడియం బెంజోయేటునకు గుర్తు, 260 ఎసిటిక్ ఆమ్లమునకు గుర్తు. ఇవి చట్టము అనుమతించినవే. అవి యున్నంతమాత్రమున భయపడ నక్కరలేదు. అవి యేల వేసిరో ఆలోచించుకొనవలెను. అప్పడమునకు మినపపిండి ముందున్నదో, బియ్యపు పిండియో మైదాయో ముందున్నదో చూడవలెను. వేయించినప్పుడు ఎఱ్ఱబడి చేదెక్కినచో క్షారము ఎక్కువైనదేమో యని అనుమానింపవలెను. మొదట చిన్న సీసా కొని, ఇంటిలో అందఱును రుచిచూచి, పిమ్మట పెద్దది కొనుట మేలు. ఈ పరిశీలనయే పిల్లలకు పూర్వపు కొలతల చదువునకు బదులు కాగలదు.

రెండవ ధర్మము వెలకు సంబంధించినది. ఇంట పెట్టుకొనినప్పుడు స్త్రీల శ్రమకు వెల కట్టలేదు. కొనునప్పుడు కట్టక తప్పదు. ఇచ్చట మన మనస్సు యొక్క వంకర బయటపడును. పెద్ద దుకాణములో ముద్రించిన వెలను మాటాడక చెల్లించు గృహస్థుడే, సందులో నొక పెద్దావిడ ఇంటిలో వత్తి అమ్ము అప్పడముల కట్టకు పది రూపాయలు తగ్గింపుమని అరగంట బేరమాడును. “ఇంటిలో చేసినదేకదా, నీకేమి ఖర్చు?” అనును. ఇంటిలో చేసినది శ్రేష్ఠమని పొగడిన నోరే, ఇంటిలో చేసినది కనుక వెల తక్కువ ఉండవలెనని పలుకుట ఎంతటి విపరీతము! ఆమెకు మినుముల వెల కలదు, గ్యాసు ఖర్చు కలదు, అన్నింటికంటె ముఖ్యముగా భుజముల నొప్పి కలదు. మన తల్లికి ఇయ్యలేకపోయిన కూలిని ఈమెకైనను ఇచ్చుట గృహస్థునకు ఋణవిమోచనమని మేము భావింతుము.

ఈ శ్రమకు గౌరవము తెచ్చిన ఉదాహరణము మన దేశముననే కలదు. 1959 మార్చి 15వ తేదీన బొంబాయి గిర్‌గాంలో ఏడుగురు స్త్రీలు, ఛగన్‌లాల్ కరంసీ పారేఖ్ వద్ద ఎనుబది రూపాయలు అప్పుగా తీసికొని, మేడపై అప్పడములు వత్తి అమ్మనారంభించిరి. అదియే లిజ్జత్ పాపడ్ సంస్థగా పెరిగినది. అందు పనిచేయువారు కూలివారు కారు, సహ యజమానులు. ఆ యేడుగురిలో నొకరైన జస్వంతీబెన్ పోపట్‌నకు 2021లో పద్మశ్రీ బిరుదు ఇయ్యబడినది. అంగటి అప్పడము హీనమని యెంచువారు ఈ సంగతిని గమనింపవలెను.

అంగటి సరకు మన సంస్కృతికి శత్రువనువారికి మైలాపూరులోనే మఱియొక సమాధానమున్నది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయియందు అమృతాంజనమును ప్రారంభించిరి. తలనొప్పికి ఇంటింట శొంఠి యరగదీసి పట్టువేసుకొను కాలమది. పెరటిచెట్టు మందుకు రాదను సామెత యున్నను, పెరటి మందును విడిచి సీసా మందు కొనుట ఆనాడు కొందఱకు అపచారముగా తోచియుండవచ్చును. కాని ఆ సీసాలపై వచ్చిన ధనము ఎచ్చటికి పోయినది? 1908లో వారపత్రికగా పుట్టి 1914లో మద్రాసున దినపత్రికయైన ఆంధ్రపత్రికకును, 1924లో వెలసిన భారతికిని, ఆంధ్ర గ్రంథమాలకును పోయినది. 1937 నవంబరు 16వ తేదీన శ్రీబాగ్ ఒడంబడిక కుదిరినది వారి గృహముననే. అంగడి యందు దోషము లేదు. అమ్మువాని బుద్ధియందును, కొనువాని బుద్ధియందును దోషమో గుణమో యుండును.

మూడవ ధర్మము సత్యము. అతిథికి వడ్డించి, “మా ఇంట పెట్టినదే” యనుట చిన్న అబద్ధమువలె తోచును. దానివలన ఎవరికిని నష్టము లేదనుకొందురు. నష్టము కలదు. చేసినవారి పేరు అందుచే మాసిపోవును. ఆ యింటి కోడలికో కూతురికో రాబోవు వేసవిలో పెట్టితీరవలసిన భారము మీద పడును. కొన్నామని నిజము చెప్పిన పొరుగింటివారు అకారణముగా చిన్నబోవుదురు. “ఫలానా వీధిలో ఫలానా ఆమె చేసినది, బాగుగానున్నది, మీరును తెప్పించుకొనుడు” అని చెప్పుటలో అవమానమేమి? చేసినదానికి పేరు దక్కును, నాలుగు ఆర్డర్లు వచ్చును, విన్నవారి కంఠము తగ్గదు.

ఒక్క మాట మిగిలినది. తమిళ దేశమున స్థిరపడిన మన పిల్లలు బడిలో తమిళమో హిందీయో చదువుచున్నారు. పొరుగువారు పెట్టిన మావడు మన యింట మక్కువతో తినుచున్నాము, మన ఆవకాయ వారి యింటికి పోవుచున్నది. రుచులు ఇట్లు కలిసిపోవుట సంతోషమే. అయితే కొందఱు పిల్లలకు ఇంటిలో కనబడు తెలుగు అక్షరములు ఆవకాయ సీసాపైనున్న నాలుగు ముక్కలే. అందుచేత సీసాను బల్లపై పెట్టినప్పుడు ఆ నాలుగు అక్షరములను వారిచేత చదివింపుడు. దినుసుల పేర్లు తెలుగులో చెప్పింపుడు. ఈ కాయ యెట్టిది, ఈ పొడి యేది, ఈ పని యెవరు చేసిరి, వారికి ఏమి ముట్టినది అని అడుగుడు. ఈ ప్రశ్నలకు సమాధానము తెలిసిన ఇంటిలో కొనిన ఆవకాయయు మన ఆవకాయయే యగును. ఈ ప్రశ్నలు లేని ఇంటిలో జాడి నిండుగానున్నను అందు మనదని చెప్పదగినది కొంచెమే.