ముళ్ళపొదకు పట్టాభిషేకము
ధ్యానభాగము: న్యాయాధిపతులు 9వ అధ్యాయము



మన రాజుపాలెము మండలము నరసరావుపేట లోక్‌సభ స్థానములోనిది. 2024 మే 13వ తేదీన మనము ఓటు వేసితిమి. అయిదేండ్ల గడువు చొప్పున 2029లో మరల పార్లమెంటు ఎన్నిక రావలసియున్నది. జెండాలు లేవకమునుపే, మనసులు నిమ్మళముగా నున్నప్పుడే ఈ సంగతి ధ్యానించుట మేలు.

షెకెమువారు అబీమెలెకును రాజుగా చేసికొనిన విధము చూడుడి. అతడు మనవాడే గదా అని మొదట వారి హృదయము అతనివైపు తిరిగెను. పిమ్మట గుడిలోని డెబ్బది తులముల వెండి అతని చేతికి వచ్చెను. ఆ వెండితో అతడు అల్లరిమూకను కూలికి పెట్టుకొని, ఒకే రాతిమీద తన సహోదరులను చంపెను. కులము, రూకలు, కత్తి! ఈ మూడును ఒకదాని వెంట ఒకటి వచ్చినవి.

పల్నాటివారమైన మనకు ఇది క్రొత్త కథ కాదు. అన్నదమ్ముల పోరు ఎక్కడ ముగియునో కారెంపూడి వీరుల గుడి ఏటేట చెప్పుచునే యున్నది. 2024లో పోలింగునాడును ఆ తరువాతను జరిగిన ఘర్షణలవలన, ఎన్నికల సంఘము మన జిల్లా కలెక్టరును బదిలీ చేసి, పోలీసు సూపరింటెండెంటును సస్పెండు చేసెను. అధికారులు మారుదురు, పగలు మాత్రము మన వీధులలోనే మిగులును.

ఒలీవ, అంజూరము, ద్రాక్ష రాజరికము వద్దనగా చెట్లు ముళ్ళపొదను పిలిచెనని యోతాము చెప్పెను. అతడు నిలదీసినది ముళ్ళపొదను కాదు, దానిని పిలిచినవారిని. మూడేండ్లు గడచిన తరువాత షెకెము గోపురములో స్త్రీలుకూడ కాలిపోయిరి.

"రూకలు పుచ్చుకొని ఒట్టు వేసితిమి, మాట తప్పవచ్చునా?" అని కొందరు అడుగుదురు. హేరోదు విందులో వేసిన ఒట్టు నిలుపుకొనబోయి యోహాను తల తీయించెను. చెడ్డ ఒట్టు నిలుపుకొనుట నమ్మకత్వము కాదు. అయితే ఓటు వేరొకరికి వేసి రూకలు దాచుకొనుటయు నీతి కాదు. చట్టము చొప్పున ఇచ్చుటయు పుచ్చుకొనుటయు నేరమే. వాకిటిలోనే వద్దనుడి; పుచ్చుకొనియున్నయెడల తిరిగి ఇచ్చివేయుడి.

పనులు లేని దినములలో ఆ నోటు ఇంటికి ఎంత అవసరమో మన మెరుగుదుము. ఏశావు ఆకలియు నిజమైనదే. అయినను ఒక్క పూట కూటికి జ్యేష్ఠత్వము పోయెను. ఊరి పెద్దకును పాలేరుకును సమానమైన ఓటు 1952 నాటికే మన పితరుల చేతికి వచ్చినది. అది మన జ్యేష్ఠత్వము. దానిని అమ్ముకొందుమా?

ఎవరికి ఓటు వేయవలెనో సంఘము చెప్పదు. దేవునికి భయపడి లంచము నసహ్యించుకొనువారిని వెదకుడని నిర్గమకాండము 18వ అధ్యాయము చెప్పుచున్నది. ఆ కొలతతో ప్రతి అభ్యర్థిని కొలువుడి. పార్టీ కండువా గుడి గడప దాటరాదు. ఫలితములు వచ్చిన ఆదివారమున, వేరు పార్టీవాని ప్రక్కనే మోకరించి ప్రభువు బల్లయందు పాలుపొందుదము. గెలిచిన వారెవరైనను వారికొరకు ప్రార్థింతము. ఆమేన్.