షుగర్ ఉన్న అమ్మమ్మ ఒక్కపొద్దు ఉంటే అమ్మవారు మెచ్చుతుందా?

నవరాత్రుల వీడియో చూసి చాలామంది ఒకే ప్రశ్న అడిగారు: "మా అమ్మకు షుగర్. అయినా ఉపవాసం ఉంటానంటోంది. వద్దంటే మాకు పాపమా?" వీడియోలో రెండు ముక్కల్లో చెప్పి తప్పించుకున్నాను. ఇది మా ఇంటి కథ కూడా కాబట్టి ఇక్కడ పూర్తిగా చెప్తాను.

మా అమ్మమ్మది వనపర్తి. ఏళ్లుగా షుగర్ గోళీలు వాడుతోంది. ఒక దసరాకు పెబ్బేరు మీదుగా అలంపూర్ వెళ్లాం, జోగులాంబ అమ్మవారి దర్శనానికి. ఆ పొద్దున ఆమె గోళీ వేసుకుంది కానీ ఏమీ తినలేదు. ఒక్కపొద్దు అని మాకు చెప్పనే లేదు. లైన్లో నిలబడి కాసేపయ్యాక ఒళ్లంతా చెమటలు, చేతులు వణకడం, మాట తడబడటం. పక్కనున్న ఒకావిడ చక్కెర నీళ్లు కలిపి తాగించింది. పావుగంటకు మనిషి తేరుకుంది. (స్పృహ ఉంది కాబట్టి తాగించగలిగాం. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, నేరుగా ఆసుపత్రికే.)

అన్ని గోళీలూ ఇలా చేయవు. గ్లిమిపిరైడ్ లాంటివి, ఇన్సులిన్ మాత్రం తిండి లేకపోయినా వాటి పని అవి చేసుకుపోతాయి. షుగర్ 70 కిందికి పడిపోతే ప్రమాదమే.

ఇంటికొచ్చాక నేను గీత తీశాను. మరీ ఎక్కువ తినేవాడికీ, అసలు తిననివాడికీ యోగం కుదరదని ఆరో అధ్యాయం. ఒంటిని హింసించేవాళ్లు లోపలున్న భగవంతుణ్నీ హింసిస్తున్నారని పదిహేడో అధ్యాయం. గెలిచాననుకున్నా.

అమ్మమ్మ విని, "అవన్నీ నాకెందుకు బిడ్డా? అమ్మకియ్యనీకి నా తాన ఇంకేమున్నది?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆమె ఇస్తానంటున్నది ఆకలిని. మేమేమో ఆమె దగ్గర్నుంచి అన్నీ లాక్కుంటూ వచ్చాం. ఒక పెళ్లిలో అందరి ముందు ఆమె చేతిలో లడ్డు నేనే తీసేసుకున్నాను. ఆ చూపు ఇప్పటికీ గుర్తే. సొంతింట్లో దొంగలా తినాల్సి వస్తే, షుగర్ కంట్రోల్‌లో ఉండి ఏం లాభం?

దారి మళ్లీ ఆమే చూపించింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఆమె చిన్నప్పుడు జొన్నరొట్టె, గట్కే తిండి. వరన్నం పండక్కే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, తర్వాత జూరాల కాలువలొచ్చాయి, మూడు పూటలా అన్నమైంది. "తొమ్మిది రోజులు బువ్వ ముట్ట. అది ఒక్కపొద్దు గాదా?" అంది. డాక్టర్‌ని అడిగాం. వేళకు తినాలి, గోళీ మానొద్దు అన్నారు. రెండు రొట్టెలు, పప్పు, ఆకుకూర. జొన్న మందేమీ కాదు, నాలుగు రొట్టెలు తింటే అదీ షుగరే. బెల్లమైతే పర్లేదనే మాట కూడా నమ్మకండి.

మొన్న దసరాకు మళ్లీ అలంపూర్ వెళ్లాం. చక్కెర పొంగలి దొన్నె చేతికొచ్చింది. ఈసారి నేను చెయ్యి చాపలేదు. ఆమె కళ్లకద్దుకుని, వేలి కొసతో కొంచెం నోట్లో వేసుకుని, మిగతాది నా చేతిలో పెట్టింది.

"నువ్వు తిను. నీకింక రాలే గద."