కాదన్నవారిదే ఆఖరి మాటా?

విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పాడేరు బస్సు కోసం నిలబడి ఉంటే, ఏజెన్సీలో పనిచేసే ఒక యువ టీచరు కలిశాడు. చేతిలో ఫైలు. ఇంక్రిమెంటు ఆపారని అర్జీ పెట్టుకున్నాడు, కాదన్నారు. అప్పీలు చేస్తే అది తిరిగి తిరిగి, కాదన్న అధికారి బల్ల మీదికే వచ్చింది. ‘పరిశీలించి తిరస్కరించడమైనది’ అని ఒక్క వాక్యం రాసి పంపారు. “కోర్టుకు వెళ్తే పై అధికారిని ధిక్కరించినట్టు అవుతుందా మాస్టారూ?” అని అడిగాడు.

ఇలాంటి ప్రశ్న మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1973లో 32వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 371-డి అధికరణం చేరింది. దాని కింద రాష్ట్ర ఉద్యోగుల సర్వీసు తగాదాలు వినడానికి పరిపాలనా ట్రిబ్యునల్ ఏర్పడింది. కానీ అయిదో క్లాజులో ఒక మెలిక ఉంది. ట్రిబ్యునల్ తీర్పును రాష్ట్ర ప్రభుత్వం 3 నెలల లోపు మార్చవచ్చు, రద్దూ చేయవచ్చు. అంటే ఉద్యోగి గెలిచినా, ఓడిన ప్రభుత్వమే ఆ గెలుపును కొట్టేయవచ్చు. 1986 డిసెంబరులో పి. సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఈ అధికారం చెల్లదని తేల్చింది.

ఈ నీతి మనకు కొత్తది కాదు. మా ఊళ్లో తగువు పడినవాడు ఎంత పెద్దమనిషైనా, ఆ రోజు పెద్దల వరుసలో కూర్చోడు. ఎదుట నిలబడి తన మాట చెప్పుకుంటాడు.

అలాగని కోర్టుకు వెళ్తే గెలుపు ఖాయమనుకోవద్దు. మన రాష్ట్రానికే చెందిన ఒక పోలీసు ఉద్యోగి తొలగింపు కేసులో 1963లోనే సుప్రీంకోర్టు ఒక హద్దు గీసింది. శాఖాపరమైన విచారణ మీద హైకోర్టు అప్పీలు కోర్టులా కూర్చోదు. సాక్ష్యాన్ని మళ్లీ తూచదు. నిబంధనల ప్రకారం విచారించారా, చెప్పుకునే అవకాశం ఇచ్చారా, ఆధారమే లేకుండా నిర్ణయించారా అన్నది చూస్తుంది. అందుకే అర్జీ నకలు, రసీదు, తేదీ భద్రంగా ఉంచుకోవాలి.

చెప్పిన పని చేయకపోవడం ధిక్కారం. ‘ఈ నిర్ణయాన్ని ఇంకొకరు కూడా చూడాలి’ అనడం ధిక్కారం కాదు. అధికారి తప్పు చేశాడని ముందే తేల్చడమూ కాదు. అతనికి అదే చెప్పాను.

బస్సు ఘాట్ ఎక్కుతుంటే నా తరగతి గుర్తొచ్చింది. ఒక పిల్ల నా మీదే ఫిర్యాదు చేస్తే ఎవరికి చెప్పుకోవాలి? వినేదీ నేనే, ‘ఊరుకో’ అనేదీ నేనే. అప్పుడు నా బల్లకూ ఆ అధికారి బల్లకూ తేడా ఏముంది? మన హక్కు కోసం కోర్టు మెట్లెక్కే మనం, మన బడిలో పిల్లలు చెప్పుకోవడానికి మరో మనిషిని చూపించాలి.