నువ్వు రాలేదేమని అడిగేవాళ్ళు

నాయనా, ఆదివారం ఆరాధన ఫోన్‌లోనే చూసుకుంటున్నానని, చర్చికి వెళ్ళొస్తే సగం పూట చదువు పోతోందని మీ అమ్మతో అన్నావట. కోప్పడ్డానికి రాయడం లేదు. హైదరాబాదు అశోక్‌నగర్ హాస్టల్లో మంచానికీ మంచానికీ మధ్య కాలు పెట్టే చోటు లేని గదిలో నువ్వెలా చదువుతున్నావో మీ అత్తకు తెలుసు. నల్లకుంట నుంచి అటు వెళ్ళినప్పుడల్లా చిక్కడపల్లి లైబ్రరీ ముందు, సంచీ భుజాన వేసుకుని కుర్చీ కోసం నిలబడ్డ పిల్లల్ని చూస్తూనే ఉంటాను. వాళ్ళలో మన విశ్వాసుల బిడ్డలు ఎందరో. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ సండే స్కూలు, యూత్ మీటింగు, క్రిస్మస్ ముందు ఇంటింటికీ తిరిగి పాటలు. పట్నం బస్సెక్కగానే సంఘం లేనివాళ్ళయిపోతున్నారు. నా బెంగంతా అదే.

వాక్యం ఫోన్‌లో దొరకదని నేననను. 2020లో లాక్‌డౌన్ పెట్టి ప్రార్థనాలయాలన్నీ మూసినప్పుడు మనల్ని నిలబెట్టింది ఆ ఫోనే. అయితే అది ఆపద్ధర్మం. జూన్ 8న తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి, కానీ కొందరికి ఇంట్లో మంచం మీద కూర్చుని ఆరాధన వినడమే అలవాటుగా మిగిలిపోయింది. ఫోన్‌లో ఎంత గొప్ప బోధకుడు మాట్లాడినా ఆయనకు నువ్వెవరో తెలియదు. నువ్వు నెల్లాళ్ళు వినకపోయినా ఆయనకు తెలిసే దారి లేదు. అదే సంఘంలో అయితే వరసగా రెండు ఆదివారాలు కనిపించకపోతే ఎవరో ఒక పెద్దావిడ "ఆ అబ్బాయి రాలేదేం, ఒంట్లో బాగోలేదా" అని అడుగుతుంది. ఆ అడిగే మనిషి నీకుండాలనే నేనిదంతా రాస్తున్నది.

ఎందుకంటావా? మీరు రాసే ఆ ప్రభుత్వోద్యోగాల పరీక్షల సంగతే చూడు. 2022 అక్టోబరులో పెట్టిన గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపరు లీకై 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్ళీ పెడితే సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. ముచ్చటగా మూడోసారి 2024 జూన్‌లో. ఆ రోజుల్లో మీ గదుల్లో పిల్లలు ఎంత నలిగారో నేను విన్నాను. అలాంటి సాయంత్రం ఒంటరిగా సీలింగ్ ఫ్యాను కేసి చూస్తూ పడుకోవడానికీ, బుధవారం గృహకూడికలో నీ పేరు చెప్పి పదిమంది మోకరించడానికీ ఎంత తేడా ఉంది! నీ కన్నీళ్ళు చూసి ఫోను ఏం చేయగలదు నాయనా?

మీకు నడిచి వెళ్ళేంత దూరంలోనే గోల్కొండ క్రాస్ రోడ్స్‌లో హెబ్రోను అనే సంఘ మందిరం ఉంది. దాన్ని కట్టిన భక్త సింగ్ గారి బతుకు ఒక్కసారి తలుచుకో. 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టారు. ఇంజనీరింగ్ చదువుకోవడానికి పరదేశం వెళ్ళి, 1929లో కెనడాలోని విన్నిపెగ్‌లో కొత్త నిబంధన చదివి ప్రభువును నమ్ముకున్నారు. 1933లో తిరిగొచ్చి బొంబాయిలో దిగితే తల్లిదండ్రులు కలిశారు. నీ విశ్వాసం నీ గుండెలో దాచుకో, కుటుంబం పరువు తీయకు అని బతిమాలారు. ఆయన ఒప్పుకోలేదు. వాళ్ళు ఆయన్ని అక్కడే వదిలి వెళ్ళిపోయారు. చేతిలో డబ్బు లేదు, తనవాళ్ళనేవారు లేరు. అలా నడివీధిలో మిగిలిన మనిషి తానొక్కడే బైబిలు పట్టుకుని ఊరూరా తిరిగి ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. వెళ్ళినచోటల్లా సంఘాలు కట్టారు. 1941లో మద్రాసులో యెహోవా షమ్మా, ఆ తర్వాత 1950 ప్రాంతంలో మన హైదరాబాదులో హెబ్రోను. అపొస్తలుల కార్యాలు రెండో అధ్యాయంలో మొదటి విశ్వాసులు ఏం చేశారో అదే చేయమన్నారు. వాక్యం, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన. ఈ నాలుగింట్లో ఒంటరిగా చేయగలిగేవి ఎన్నో నువ్వే లెక్క చూసుకో.

ఏటేటా హెబ్రోనులో జరిగే పెద్ద కూడికలకు ఎక్కడెక్కడినుంచో జనం వచ్చేవారు. చెప్పులు బయట విడిచి, చాపల మీద కూర్చుని ఆరాధన. భోజనాలూ అలాగే. ఊళ్ళో ఒకరి గడప ఒకరు తొక్కని కులాలవాళ్ళు ఇక్కడ ఒకే బంతిలో కూర్చుని, ఒకే గంగాళంలోంచి వడ్డించిన అన్నం తినేవారు. ప్రేమవిందు అనేవారు. వాక్యాలు రాసిన అట్టలు పట్టుకుని పాటలు పాడుతూ వీధుల్లో ఊరేగింపుగా సాగేవారు. చివరి ఏళ్ళలో భక్త సింగ్ గారు జబ్బుపడి మంచానికే పరిమితమయ్యారు. వేలమందికి వాక్యం చెప్పిన మనిషి మాట కూడా కష్టమైపోయి పడుకుంటే, హెబ్రోనులోనే విశ్వాసులు ఆయన్ని కనిపెట్టుకుని ఉన్నారు. 2000 సెప్టెంబరు 17న, ఆదివారం నాడు ప్రభువు దగ్గరికి వెళ్ళారు. నారాయణగూడ సమాధుల తోటలోనే ఆయన్ని భూస్థాపన చేశారు. ఎప్పుడో బొంబాయిలో కన్నవాళ్ళు వదిలేసిన బిడ్డను ఇక్కడ సంఘం మోసుకెళ్ళింది.

నేను నర్సుగా వార్డుల్లో తిరిగినదాన్ని. సంఘం ఉన్న రోగినీ లేని రోగినీ చూస్తే తెలిసిపోయేది. పక్కూరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవాడు. కొడుకులు దూరాన ఉన్నారు. పొద్దున ఒకావిడ ఫ్లాస్కులో రాగిజావ తెచ్చేది. మధ్యాహ్నం ఇంకొకామె వచ్చి దుప్పటి మార్చి, మాసినది ఉతకడానికి పట్టుకుపోయేది. రాత్రి మంచం పక్కన తువ్వాలు పరుచుకుని పడుకునే యువకుడు ఆయనకు చుట్టమే కాదు. ఏమవుతావు బాబూ అని అడిగితే "మా సంఘస్థుడండీ" అన్నాడు. ఆ వార్డులో ఇలా ఎవరూ లేక గోడవైపు తిరిగి పడుకున్న విశ్వాసులనూ చూశాను. వాళ్ళ భక్తి తక్కువని కాదు. వాళ్ళ సంగతి ఎవరికీ తెలియదు, అంతే.

సంఘాల్లో గొడవలు లేవా అత్తా అంటావు. ఉన్నాయి. ఆస్తుల తగాదాలు, ఎన్నికల పార్టీలు, కులం చూసి సంబంధాలు, డబ్బు గురించే మాట్లాడే పాస్టర్లు. చూసి నేనూ ఏడ్చాను. కొరింథు సంఘంలో మాత్రం తక్కువ గొడవలా? నేను పౌలు మనిషిని, నేను అపొల్లో మనిషినని చీలిపోయారు. ప్రభు బల్ల దగ్గర కూడా కలిగినవాళ్ళు ముందే తినేసి లేనివాళ్ళను పస్తు పెట్టారు. పౌలు వాళ్ళను గట్టిగా గద్దించాడు కానీ, ఇక ఎవరింట్లో వాళ్ళు ఆరాధన చేసుకోండని రాయలేదు. కూడుకోవడం మానేసే అలవాటు గురించి హెబ్రీయుల పత్రిక పదో అధ్యాయం అంత సూటిగా హెచ్చరించిందంటే, అప్పుడూ విసిగిపోయినవాళ్ళు ఉన్నారనే కదా. నిన్ను నొప్పించే మనిషి పక్కన కూర్చుని రొట్టె తీసుకున్నప్పుడే క్షమించడం నేర్చుకుంటాం. ఒంటరి గదిలో క్షమించడానికి ఎవరున్నారు?

ఇంకో మాట. సంఘానికి నువ్వూ కావాలి. పింఛను దరఖాస్తు నింపలేని ముసలమ్మలు, లెక్కలు రాక ఏడ్చే ఎనిమిదో తరగతి పిల్లలు ప్రతి సంఘంలో ఉంటారు. నీకు వచ్చినదాంట్లో గంట వాళ్ళకివ్వు.

ఎక్కడికి వెళ్ళాలో నేను శాసించను. నారాయణగూడ బాప్టిస్టు చర్చి ఉంది, హెబ్రోను ఉంది, సి.ఎస్.ఐ. సంఘాలున్నాయి. పాటలు బాగున్నాయని ఒకవారం ఇక్కడ, బోధ బాగుందని ఇంకోవారం అక్కడ తిరగకు. మూడు సంగతులు చూడు. పాస్టరు గారు తన గొప్ప చెబుతున్నారా, వాక్యం చెబుతున్నారా? కానుకల లెక్క సంఘం ముందు చదువుతున్నారా? పేదవాళ్ళింట్లో చావు జరిగితే పెద్దలు వెళుతున్నారా? ఇవి బాగుంటే అక్కడే కుదురుకో. ఊళ్ళో మన పాస్టరు గారి దగ్గర ఒక పరిచయ ఉత్తరం రాయించుకుని ఇక్కడి సంఘానికివ్వు.

ఈ ఆదివారమే వెళ్ళు. ఆశీర్వాదం అవ్వగానే చెప్పులేసుకుని పరుగెత్తకు. గుమ్మం దగ్గర నిలబడి నలుగురికి వందనాలు చెప్పు, నీ పేరు, ఊరు, హాస్టలు ఏ సందులో ఉందో చెప్పు, పరీక్ష ఏ తేదీనో కూడా చెప్పు. అక్కణ్ణుంచి నేరుగా నల్లకుంట వచ్చెయ్. దోసకాయ పప్పు చేసి ఉంచుతాను. నీతో గదిలో ఉంటున్న ఇద్దరు పిల్లల్నీ తీసుకురా.