పిట్టగోడయు ప్రహరీగోడయు



క్రొత్త ఇల్లు కట్టుకొనువాడు దాని మిద్దెచుట్టు పిట్టగోడ పెట్టవలెనని మోషే ధర్మశాస్త్రములో ఒక విధి కలదు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో దానిని చూడవచ్చును. ఇల్లు నాది, మిద్దె నాది, నడుమ ఈ ఆజ్ఞ యేల అని ఇంటివాడు అడుగవచ్చును. ఆ మిద్దెమీదినుండి పడువాడు మరియొకరి బిడ్డ గనుకనే ఆ ఆజ్ఞ వచ్చినది. ఇల్లు కట్టుట కేవలము కట్టువాని సొంత వ్యవహారము కాదని దీనివలన తేటపడుచున్నది.

మన పల్లెలనుండి చదువుకొని అమెరికాకు వెళ్లిన బిడ్డలు తమ ఇండ్ల ఫొటోలు పంపుచుందురు. చుట్టును పచ్చిక, నడుమ ఒక ఇల్లు, ఆ ఇంటిలో ఒకే కుటుంబము. తల్లిదండ్రులు చూచి సంతోషింతురు. అయితే ఆ దేశములో ఈ ఇంటినిగూర్చియే పెద్ద వాదము జరుగుచున్నది. కుటుంబమునకొక ఇల్లు, ఇంటికొక పచ్చిక బయలు అనుట మంచిదా? లేక పట్టణములో ఒకే కప్పుక్రింద పలు కుటుంబములు దగ్గరగా నుండుట మంచిదా? ఇది ఇష్టాయిష్టముల సంగతియని పైకి కనబడును గాని, లోతున పొరుగువానిగూర్చిన ప్రశ్న యున్నది.

విడి ఇల్లు కోరినవారిని మేము నిందింపము. నూరేండ్ల క్రిందట న్యూయార్కులో బీదలు కాపురమున్న అద్దె మేడలలో అనేక గదులకు కిటికీయే లేకుండెను. గాలి లేదు, వెలుతురు లేదు, క్షయరోగము మాత్రము సమృద్ధిగా నుండెను. 1901లో అక్కడ ఒక చట్టము వచ్చి, క్రొత్తగా కట్టు మేడలలో గాలి, వెలుతురు ఉండవలెనని విధించెను. ఇది పిట్టగోడవంటి చట్టము. అట్టి గదులను ఎరిగినవారు తమ పిల్లలకు కొంత ఆరుబయలు కావలెనని కోరుట పాపమా? కాదు.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసి సైనికులు తిరిగి వచ్చినప్పుడు వారికి ఇండ్లు చాలలేదు. అప్పుడు లెవిట్ అను వారు న్యూయార్కునకు తూర్పున లాంగ్ ఐలాండులో 1947లో లెవిట్‌టౌన్ కట్ట నారంభించి, 1951 నాటికి 17,000కు పైగా ఇండ్లు కట్టిరి. సామాన్య కూలివాడు సయితము కొనగల ఇండ్లవి. ఇంటిముందటి పచ్చికను వారమునకొకసారి కోయవలెననియు, ఇంటికి ఇంటికి నడుమ కంచె వేయరాదనియు అక్కడ నియమముండెను. కంచె లేని ఊరు! వినుటకెంత సొంపు! అయితే మొదటి అద్దె పత్రములలో మరియొక షరతు ఉండెను: తెల్లజాతివారు తప్ప మరెవరును అక్కడ కాపురముండరాదు. అదే యుద్ధములో సేవచేసి వచ్చిన నల్లజాతి సైనికునికి ఆ ఊరిలో చోటు లేదు. కంటికి కంచె లేదుగాని, కాగితముమీద ప్రహరీగోడ లేచినది.

ఇట్టి జాతి షరతులను న్యాయస్థానములు అమలుపరచరాదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అయినను 1957లో పెన్సిల్వేనియాలోని మరియొక లెవిట్‌టౌనులో విలియం మయర్స్, డెయిజీ మయర్స్ అను నల్లజాతి దంపతులు ఇల్లు కొని దిగగా, గుంపులు కూడి రాళ్లు రువ్వినవి. పొరుగువారిలో కొందరు మాత్రము వారి ప్రక్క నిలిచి కాపు కాసిరి. ఇండ్ల విషయములో జాతిభేదము చూపుట 1968లో దేశమంతట చట్టవిరుద్ధమాయెను.

గోడ కూలినదా? పూర్తిగా కూలలేదు. ఒక ప్రాంతములో మేడలు కట్టకుండ నిషేధించు అధికారము ఊళ్లకు కలదని సుప్రీంకోర్టు 1926లోనే ఒప్పుకొనియుండెను. దానినిబట్టి అనేక నగరములలో నివాసభూమి అధికభాగము ఒక స్థలమున ఒకే కుటుంబము ఉండవలెనను నియమము క్రింద నున్నది. కొన్నిచోట్ల ఆ స్థలము ఇంత పెద్దదిగా నుండవలెనని కూడ విధి కలదు. ఇందులో రంగు మాట లేదు. అయితే అంత స్థలము కొనలేని బడి పంతులమ్మ, ఆస్పత్రి ఆయా, బస్సు నడుపువాడు ఆ వీధిలో పనిచేయవచ్చును గాని కాపురముండలేరు. పేరు మారినది, పని మారలేదు.

ఇక పచ్చిక సంగతి. ఆ దేశములో తోటలు, ఆటస్థలములు, ఇండ్ల ముంగిళ్లు అన్నియు కలిపి పెంచబడు పచ్చిక సుమారు 1,60,000 చదరపు కిలోమీటర్లని 2005లో ప్రకటింపబడిన పరిశోధన అంచనా వేసినది. అది నేటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంత. అక్కడ నీరు పెట్టి పండించు ఏ పైరును అంత విస్తీర్ణములో లేదు. ఆ గడ్డిని ఆవు మేయదు, మేక మేయదు. ఇండ్ల ఆరుబయట దినమునకు దాదాపు 900 కోట్ల గ్యాలన్ల నీరు ఖర్చగుచున్నదనియు, అందులో ముఖ్యభాగము గడ్డికి, మొక్కలకే పోవుచున్నదనియు ఆ ప్రభుత్వపు అంచనా. కాలువ చివరి పొలమునకు నీరందక తెల్లవార్లు కాచుకొనియున్న మన రైతునకు ఈ లెక్క విప్పి చెప్పనక్కరలేదు.

అట్లని జనమును మేడలలో కుక్కినంతమాత్రమున ధర్మము నెరవేరదు. సెయింట్ లూయీ నగరములో ప్రూయిట్-ఐగో అను పేర 11 అంతస్తుల మేడలు 33 కట్టి బీదలను ఉంచిరి. లిఫ్టు ప్రతి అంతస్తున ఆగదు. మరమ్మతులకు సొమ్ము చాలలేదు. 1972లో వాటిని కూల్చుట మొదలుపెట్టిరి. కట్టించినవారు కప్పు ఇచ్చిరి గాని పిట్టగోడ మరచిరి. దగ్గర దగ్గరగా ఉంచుట వేరు, పొరుగువారిగా ఎంచుట వేరు.

“నా కష్టార్జితముతో కొన్నాను, నా వీధి నెమ్మది చెడగూడదు” అని ఒకరు చెప్పవచ్చును. న్యాయమైన మాటయే. నీ ఇంటిమీద నీకు హక్కున్నది. అయితే ప్రక్క స్థలము నీది కాదు. అక్కడ మూడు కుటుంబములు ఉండరాదని శాసించుట నీ ఇంటిని కాపాడుకొనుట కాదు, ఇతరుల ఇంటిని అడ్డుకొనుటయే. మినియాపొలిస్ నగరసభ 2018లో ఈ భేదమును గుర్తించెను. ఒకే కుటుంబపు ఇండ్లకు కేటాయింపబడిన స్థలములలో మూడు కాపురములవరకు కట్టుకొనవచ్చునను ప్రణాళికను ఆమోదించెను. అది 2020లో అమలునకు వచ్చెను. ఎవరి విడి ఇల్లును తీసివేయలేదు, ఎవరి పచ్చికను దున్నలేదు. తలుపు తెరచిరి, అంతే.

ఇది దూరదేశపు కథ అని మనము అనుకొనరాదు. ఊరికి ఒక దిక్కున వాడ, నడుమ ఎవరును కట్టని గోడ. దానిని మన తాతలు ఎరుగుదురు, మనమును ఎరుగుదుము. ఎవడు ఎక్కడ ఉండవలెనో మరియొకడు నిర్ణయించుట ఎట్లుండునో మనకు ఎవరును నేర్పనక్కరలేదు. ఇంటికి ఇల్లు, పొలమునకు పొలము కలుపుకొనుచు ఇతరులకు చోటు లేకుండ చేయువారికి శ్రమయని యెషయా ప్రవక్త హెచ్చరించెను. ఆ హెచ్చరిక విని, వెలుపల నున్నవారి పక్షమున సంతోషించుట సులభము. లోపలికి వచ్చిన పిమ్మట దానిని జ్ఞాపకముంచుకొనుట కష్టము.

గనుక అమెరికాలో ఇల్లు కొన్న మన బిడ్డలకు ఉత్తరము వ్రాయునప్పుడు, ఇల్లెంత పెద్దదని మాత్రమే అడుగక, ఆ వీధిలో ఎవరికి చోటు లేదో కూడ అడుగుదము. మనమును పట్టణములో గది అద్దెకిచ్చునప్పుడు, కాలనీలో స్థలము పంచుకొనునప్పుడు, వచ్చినవాని కులము, మతము అడుగకుందుము. మంచి సమరయుని ఉపమానములో పొరుగువాడైనవాడు దగ్గర కాపురమున్నవాడు కాడు, దగ్గరకు వచ్చినవాడు. దగ్గరకు రాగోరువానికి మన చట్టము, మన వాడుక, మన ముఖము అడ్డుగోడ కాకుండ చూచుకొందుము. మిద్దెకు పిట్టగోడ ఉండవలసినదే. అది ఇంటిలోనికి వచ్చినవాడు పడకుండుటకేగాని, రానీయకుండుటకు కాదు.