బంగారం కోసమేనా?

నా మెటల్ డిటెక్టర్‌కు ఇంట్లో చేసుకున్న మార్పుల్లో ఒక్కటీ దాని శక్తిని పెంచేది కాదు. అన్నీ దాని గోల తగ్గించేవే. ఇది గమనించాకే, నేను తిరుగుతున్నది బంగారం కోసమేనా అని నన్ను నేను అడగడం మొదలుపెట్టాను.

నేను తిరిగేది ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, డనోలీ, వెడర్‌బర్న్ చుట్టుపక్కల. 1869లో ఇక్కడి మోలియాగుల్‌లో 'వెల్‌కమ్ స్ట్రేంజర్' అనే బంగారు ముద్ద నేలకు అంగుళం పైచిలుకు లోతులోనే బయటపడింది. 1980లో కింగోవర్ దగ్గర కెవిన్ హిలియర్‌కు డిటెక్టర్‌తోనే 27 కిలోల 'హ్యాండ్ ఆఫ్ ఫెయిత్' దొరికింది. ఇప్పుడు మైనర్స్ రైట్ అనే అనుమతి తీసుకుని తిరిగే మాలాంటివాళ్లకు దొరికితే బియ్యపు గింజంత పలుకు దొరుకుతుంది.

అంత చిన్న పలుకు విషయంలో, నేల మీద ఊపే డిటెక్టర్ కాయిల్‌కూ దానికీ మధ్య దూరం రెట్టింపైతే సంకేతం దాదాపు 64వ వంతుకు పడిపోతుంది. పైగా ఇది ఇనుము కలిసిన ఎర్ర గరప నేల, తనే ఏదో ఒకటి మూలుగుతూ ఉంటుంది. ఆ మూలుగుకు మన చేతులారా ఇంకో చప్పుడు కలపకుండా ఉంటే చాలు, సగం పని అయినట్టే. కాయిల్ తీగ వదులుగా ఊగితే లేని లోహం ఉన్నట్టు పలుకుతుంది కాబట్టి కర్రకు బిగుతుగా వెల్క్రో పట్టీలు చుట్టాను. కాయిల్ కింది తొడుగులో ఇనుపరాతి దుమ్ము చేరకుండా అంచంతా టేపు వేశాను. వీపు సంచికి ఎలాస్టిక్ తాడు కట్టి డిటెక్టర్ బరువును దానికి అప్పగించాను. చెయ్యి అలిసిపోతే ఊపు చివర కాయిల్ రెండు వేళ్ల ఎత్తు లేస్తుంది. ఆ రెండు వేళ్లలోనే పలుకు తప్పిపోతుంది. పాత స్పీకర్‌లోని అయస్కాంతాన్ని గునపానికి బిగించాక పాతకాలపు బూటు మేకులన్నీ దానికే అంటుకుంటున్నాయి. మట్టి ఎత్తడానికి వంటింటి ప్లాస్టిక్ గరిటె. ఫోను ఫ్లైట్ మోడ్‌లో.

డిటెక్టర్ పెట్టె మాత్రం విప్పను. ఇలాంటి పల్స్ ఇండక్షన్ యంత్రంలో కాయిల్ దగ్గర వందల వోల్టులు పుడతాయి. అది నేర్చుకోనివాళ్లు చేతులు పెట్టే చోటు కాదు.

వీటన్నిటిలో నాకు ఇష్టమైనది పరీక్ష ముక్క. చేపల గాలానికి కట్టే సన్నని సీసం గుండును పాత ప్లాస్టిక్ కార్డుకు అంటించాను. సీసం పలికే తీరు బంగారానికి దగ్గరగా ఉంటుంది. ప్రతి మార్పుకు ముందూ తర్వాతా దాన్ని ఒకే లోతులో పాతి వింటాను. అక్కడ నన్ను నేను మోసం చేసుకోవడానికి వీల్లేదు.

మోసం చేసుకునే చోట్లు వేరే ఉన్నాయి. హెడ్‌ఫోన్ పెట్టుకునేది సన్నని మోత వినబడాలని అంటాను. నిజమే. కానీ పక్కన ఎవరైనా తిరుగుతుంటే, నాకు మోత తగిలిందని వాళ్లకు తెలియకూడదన్న కోరిక కూడా అందులో ఉంది. నేను తిరిగేది ఆదివాసులైన జా జా వురుంగ్ ప్రజల నేల. తవ్విన గుంత పూడుస్తాను, ఆకులు మళ్లీ కప్పుతాను. అది వాళ్ల మీద గౌరవంతోనే చేస్తాను. అయినా పూడ్చేటప్పుడు, ఈ తావు ఇంకొకరి కంట పడకూడదన్న ఆలోచన వస్తూనే ఉంటుంది.

మాది కర్నూలు జిల్లా తుగ్గలి వైపు. ముంగారు వానలు పడగానే జొన్నగిరి చేలల్లో జనం వజ్రాల కోసం వంగి నడుస్తారు. పిల్లాపాపలతో వచ్చి చెట్ల కింద వండుకుంటారు. యంత్రం లేదు, కళ్లే. ఆ నడకల వెనక అప్పులుంటాయి, ఆడపిల్లల పెళ్లిళ్లుంటాయి. నా వెనక అలాంటివేవీ లేవు. అవసరం లేని నాకు ఈ ఆశ ఎందుకో చాలాకాలం జవాబు దొరకలేదు. దొరికిన పలుకులు అమ్మలేదు. చిన్న గాజు సీసాలో ఉన్నాయి.

ఇప్పుడు చెప్పగలిగింది ఇంతే. సీసం గుండు ఇంకో అర అంగుళం లోతు నుంచి పలికిన రోజు, పలుకు దొరికిన రోజుకు తక్కువేమీ కాదు. కానీ ఆ నేలలో పలుకు లేనే లేదని ఎవరైనా తేల్చి చెబితే, ఎంత చక్కగా వినిపించే యంత్రం చేతిలో ఉన్నా అక్కడికి వెళ్లను.