ప్రథమఫలముగా వచ్చిన నూరు రూపాయలు



ఈ మాసము మేము వ్రాయబోవు సంగతి మా సంఘములోనే జరిగినది. ఆ సహోదరి అనుమతితోనే వ్రాయుచున్నాము గాని ఆమె పేరు వ్రాయము. ఆమె డిగ్రీ చదివినది. భర్త తాపీపనికి పోవును. అత్తగారు పక్షవాతముతో మంచముమీద నున్నది. చిన్నబిడ్డకు రెండేండ్లు. పొలముపనికైనను, పట్టణములో దుకాణపు పనికైనను ఇల్లు విడిచిపోవుటకు వీలులేని స్థితి. ఇంటివద్దనే ఫోనుమీద చేసికొనదగిన పని ఏదైనను దయచేయుమని ఆమె ఆరు నెలలు ప్రార్థించెను. మేమును ఆమెతోకూడ ప్రార్థించితిమి.

ఒక ఆదివారము కానుకల వేళ ఆమె ఒక కవరు తెచ్చెను. దానిమీద ప్రథమఫలము అని వ్రాసి యుండెను. లోపల నూరు రూపాయలు. పని దొరికినదనియు, మొదటి దినముననే నూట ఎనుబది రూపాయలు ఖాతాలో పడినవనియు సాక్ష్యము చెప్పెను. సంఘమంతయు స్తోత్రము చెల్లించెను. మేము ఆ కవరును బల్లమీద నుంచి ప్రార్థన చేసితిమి.

మూడు వారములు గడువకమునుపే ఆమె పాస్టరుగారి యింటికి ఏడ్చుచు వచ్చెను. ముప్పది యెనిమిది వేల రూపాయలు పోయినవి. అందులో ఇరువది వేలు డ్వాక్రా గుంపులో తీసికొన్న అప్పు. బ్యాంకువారు ఆమె ఖాతానుకూడ నిలిపివేసిరి. ఆ సాయంకాలము ఆమె అడిగిన ప్రశ్న యిది: “అమ్మగారూ, నేను ఊరక కూర్చుండి డబ్బు అడుగలేదు గదా. పని చేసెదనని గదా అడిగితిని. నేను చేసిన పాపమేమి?” కొన్ని దినములకు మరియొక ప్రశ్న అడిగెను. దాని సంగతి తరువాత వ్రాయుదుము.

మోసము జరిగిన విధము మన పల్లెలలో అందరికిని తెలియవలెను గనుక కొంచెము వివరముగా చెప్పుచున్నాము. ఎరుగని నెంబరునుండి వాట్సాప్‌లో ఒక వర్తమానము వచ్చును. పేరుగల కంపెనీ తరఫున ఇంటివద్ద పని యున్నదని చెప్పుదురు. పని యేమనగా వీడియోలకు లైక్ కొట్టుట, ఎన్నడును చూడని హోటళ్లకు అయిదు నక్షత్రములు ఇచ్చుట. ఈ సహోదరికి ఆ దినమే నూట ఎనుబది రూపాయలు వచ్చెను. పిమ్మట టెలిగ్రామ్ గుంపులో చేర్చిరి. ఆ గుంపులో పదిమంది తమకు వచ్చిన లాభములను చూపుచుందురు. వారిలో అనేకులు మోసగాండ్ర మనుష్యులే. ముందుగా వెయ్యి రూపాయలు కట్టి పని చేసినయెడల పదమూడు వందలు వచ్చుననిరి. నిజముగానే వచ్చెను. అయిదు వేలు కట్టుమనిరి. ఫోను తెరమీద ఆమె లెక్క పెరుగుచుండెను గాని తీసికొనబోగా రాలేదు. నీవు ఒక పని తప్పుగా చేసితివి, దిద్దుటకు పదమూడు వేలు కట్టుమనిరి. తరువాత పన్ను అని ఇరువది వేలు అడిగిరి. పోయిన సొమ్మును విడిపించుకొనుటకే మరల సొమ్ము వేయించుట ఈ వలలోని ముడి.

ఇది ఒక్క ఊరి కథ కాదు. 2023 డిసెంబరులో ఇట్టి పనుల పేరిటను పెట్టుబడుల పేరిటను మోసము చేయుచున్న నూరుకు పైగా వెబ్‌సైట్లను కేంద్ర ప్రభుత్వము మూయించెను. మరియొక విధమైన మోసముకూడ నున్నది. టైపు పని యిచ్చెదమని ఒప్పందము వ్రాయించుకొని, పని యంతయు చేసిన తరువాత తప్పులున్నవనియు, ఒప్పందము మీరితివనియు, వకీలు నోటీసువంటి కాగితము పంపి, జరిమానా కట్టకపోయిన కోర్టుకు ఈడ్చెదమని బెదరింతురు. చదువుకొన్న పిల్లలు దీనికి భయపడి తల్లిదండ్రులకు చెప్పక అప్పులు చేయుచున్నారు. సొమ్ము పోయినవారు ఆలసింపక 1930 అను నెంబరుకు ఫోను చేయవలెను. గడియలు గడచినకొలది సొమ్ము ఖాతానుండి ఖాతాకు పోవుచుండును. మా సహోదరి సిగ్గుచేత నాలుగు దినములు ఎవరికిని చెప్పలేదు.

ఆ సిగ్గు ఎక్కడనుండి వచ్చినది? మా పెద్దలలో ఒకరు ధనాశనుగూర్చి పౌలు తిమోతికి వ్రాసిన మాటను ఎత్తి, ఆశకు పోయి అనుభవించుచున్నదని అందరియెదుట పలికిరి. మేము ఆయనను గౌరవింతుము గాని ఆ మాటను అంగీకరింపలేము. మంచముమీదనున్న ముసలితల్లికి మందులు కొనవలెనని పని వెదకిన స్త్రీది ధనాశ కాదు. మోసగాండ్రు సోమరులకంటె పని చేయగోరువారినే ఎక్కువగా వెదకుచున్నారు. పని చేయుదునన్న మనస్సునే వారు ఎరగా పెట్టుచున్నారు.

అయితే ఆమె తానే మాతో ఒక మాట చెప్పెను. “వెయ్యి కట్టగా పదమూడు వందలు వచ్చిన రాత్రి, ఆ మూడు వందలు కూలి కాదని నా మనస్సుకు తెలిసినది అమ్మగారూ. నేను ఏ పనియు చేయలేదు. కాని ఆ మాటను లోపలనే అణచివేసితిని” అని చెప్పెను. మేము దీనిని ఆమెపై నేరముగా వ్రాయుటలేదు. ఆమె మనస్సాక్షి మేలుకొన్న స్థలము అదియే గనుక వ్రాయుచున్నాము. ఇంతకు పని యనగా నేమి?

అపొస్తలుల కార్యములు పదునెనిమిదవ అధ్యాయములో పౌలు కొరింథులో అకుల ప్రిస్కిల్లల యింట దిగి వారితోకూడ డేరాలు కుట్టెను. అదియు ఇంటిలో చేసిన పనియే. యొప్పేలో దొర్కా కుట్టిన అంగీలను విధవరాండ్రు పేతురుకు చూపి యేడ్చిరి. ఆ డేరా ఎవరికో నీడనిచ్చెను, ఆ అంగీ ఎవరికో చలి తీర్చెను. చేతులు కదలినంతమాత్రమున పని కాదు. దానిచేత పొరుగువాని అక్కర ఏదో ఒకటి తీరవలెను. మనము చూడని హోటలుకు మంచి హోటలని సాక్ష్యమిచ్చుటవలన ఎవరి అక్కర తీరును? అది అబద్ధసాక్ష్యమే. పనియిచ్చెదనన్న వానిని మొట్టమొదట మనము అడుగవలసినది జీతమెంత అని కాదు, ఈ పని ఎవరికి కావలెను అని. మా సహోదరిని ఆమె మనస్సు లోలోపల అడిగినది ఇదే.

ఇంటివద్ద పని మన సంఘములకు క్రొత్తది కాదు. గోదావరి డెల్టాలో నరసాపురము ప్రాంతపు స్త్రీలు లేసు అల్లుట ఎందరో ఎరుగుదురు. 19వ శతాబ్దములో మిషనరీలు నేర్పిన పని అది. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది. అయితే మనము దానిని పొగడి ఊరకుండరాదు. మరియా మీస్ అను జర్మను విద్వాంసురాలు ఆ స్త్రీల స్థితిని పరిశోధించి 1982లో ఒక గ్రంథము ప్రచురించెను. ఇంటిపనులు చేసికొనుచునే దినమునకు ఆరు నుండి ఎనిమిది గంటలు అల్లినను వారికి దక్కిన కూలి మిక్కిలి స్వల్పమనియు, వారిని పనివారుగా గాక తీరికవేళ అల్లుకొను గృహిణులుగా లెక్కించుటచేతనే అట్లు జరిగినదనియు ఆమె చూపెను. యాకోబు తన పత్రికలో మొరపెట్టుచున్నదని చెప్పిన కూలి అట్టిదే. ఆ అన్యాయమును మేము కప్పము. అయినను ఒక భేదము గమనించుడి. దారము వర్తకుని మనుష్యుడే తెచ్చి యిచ్చెడివాడు. పని కావలెనన్న ముందు అయిదు వేలు కట్టుమని లేసు అల్లు స్త్రీని ఎవరును అడుగలేదు. ఆ లేసు ఎక్కడనో ఒక బల్లమీద పరచబడెను.

లేవీయకాండము పందొమ్మిదవ అధ్యాయము పనివానికి ఇయ్యవలసినదానిని రాత్రి గడచునంతవరకు దాచుకొనుటయే దోషమని యెంచుచున్నది. లాబాను మామ యాకోబు జీతమును పదిమారులు మార్చెను. అంత టక్కరియైన లాబానుకూడ మందను కాయుటకు ముందు రుసుము కట్టుమని యాకోబును అడుగలేదు. రిజిస్ట్రేషను అనియు, ట్రైనింగు అనియు, డిపాజిట్టు అనియు పనివానియొద్దనే సొమ్ము పుచ్చుకొనువాడు యజమానుడు కాడు.

నిజమైన ఆన్‌లైను పని లేదా? ఉన్నది. పిల్లలకు పాఠములు చెప్పుట, అనువాదము, ప్రూఫులు దిద్దుట, మాటలు విని టైపు చేయుట, కుట్టిన బట్టలను పెట్టిన పచ్చళ్లను ఫోటోలతో చూపి అమ్ముట, ఇవన్నియు పనులే. బెంగళూరులోని కార్య అను సంస్థ పల్లెటూరివారిచేత మాతృభాషలో వాక్యములు చదివించి, ఆ కంఠధ్వనిని కంప్యూటర్లకు భాష నేర్పుటకై ఇచ్చి, చదివినవారికి కూలి చెల్లించిన సంగతి 2023లో వార్తలకెక్కినది. ప్రభుత్వపు నేషనల్ కెరీర్ సర్వీసులో పేరు నమోదు చేసికొనుటకు రుసుము లేదు. అయితే నిజము దాచరాదు. ఇట్టి పనులు కొద్ది, కోరువారు వేలు. ముందు పరీక్ష పెట్టుదురు. ఇంగ్లీషు కావలెనందురు. పని చేసిన తరువాత గాని డబ్బు రాదు, అదియు మొదట చాల కొంచెము. మన ఊళ్లలో నెట్టు సరిగా అందదు. ఈ కష్టములన్నియు నిజమైన పనికి ఉన్నవి. మోసమునకు ఒక్కటియు లేదు, అది తానే నడిచి మన ఫోనులోనికి వచ్చును. గిబియోనీయులు బూజుపట్టిన రొట్టెలను, చినిగిన ద్రాక్షారసపు తిత్తులను చూపినప్పుడు యెహోషువవంటివాడే కన్నులతో చూచి నమ్మెను. యెహోవాయొద్ద విచారింపలేదు. ఈనాడు ఆ రొట్టెలకు బదులు లాభముల స్క్రీన్‌షాటులు వచ్చుచున్నవి. ప్రార్థించుటతోపాటు బ్యాంకులో పనిచేయు విశ్వాసిని గాని, బడిపంతులుగారిని గాని ఒక్కమాట అడుగుట అవిశ్వాసము కాదు.

ఇక మా మనస్సును మిక్కిలి కలతపెట్టిన సంగతి. సొమ్మంతయు పోయినదని ఆమె ఆ ఫోనులోని మనుష్యునితో మొరపెట్టగా అతడు ఒక ఉపాయము చెప్పెను. నీ బ్యాంకు ఖాతాను కొన్ని దినములు మాకు వాడుకొననిమ్ము, అందులోనికి వచ్చు సొమ్మును మేము చెప్పినచోటికి పంపుము, నూటికి రెండు రూపాయలు నీవి, నీ అప్పు తీరునని చెప్పెను. అనగా మరియొక స్త్రీయొద్ద దోచినది ఈమె చేతులమీదుగా పోవలెను. “ఒక రాత్రియంతయు ఆలోచించితిని” అని ఆమె దాచక చెప్పెను. తెల్లవారిన తరువాతనే ఆమె మా గుమ్మము ఎక్కినది. దోచుకొనబడినవారినే దొంగలుగా మార్చుట ఈ వ్యాపారపు పద్ధతి. ఫోనుకు ఆవల నుండువాడు సయితము ఒకప్పుడు పని వెదకినవాడే కావచ్చును. మన తెలుగు యువకులను డేటా ఎంట్రీ ఉద్యోగములని చెప్పి ఏజెంట్లు కంబోడియాకు పంపగా, అక్కడ వారిని బంధించి, తమ దేశస్థులనే మోసము చేయునట్లు బలవంతపెట్టిరని 2024 మే నెలలో విశాఖపట్నము పోలీసులు బయటపెట్టిరి. వారిలో కొందరు తిరిగి యిల్లు చేరిరి. ఆ బిడ్డలకొరకు ఏ ఊరి తల్లులు మోకాళ్లూనిరో మనకు తెలియదు. బాధ ఎంత గొప్పదైనను మన ఖాతాను, మన పేరును, మన సిమ్ము కార్డును దోపిడికి అప్పిచ్చుటకు అది సెలవు కాదు. మా సహోదరి ఆ రాత్రి గెలిచినది ఇక్కడనే అని మేము తలంచుచున్నాము.

ఇప్పుడు రెండవ ప్రశ్న. ఖాతా నిలుపుదలకు కారణము అడుగగా, మొదటి దినము ఆమెకు వచ్చిన నూట ఎనుబది రూపాయలు మోసపోయిన మరియొకరి ఖాతానుండి వచ్చినవనియు, ఆ మనుష్యుల ఫిర్యాదువలన ఆ సొమ్ము పడిన ఖాతాలన్నిటిని ఆపిరనియు బ్యాంకువారు చెప్పిరి. ఆమె ముఖము పాలిపోయెను. “అయితే నేను కానుకలో వేసిన ఆ నూరు రూపాయలు ఎవరివి?” అని అడిగెను.

పెద్దలు కూడిరి. ప్రధానయాజకులు యూదా తిరిగి తెచ్చిన వెండిని కానుకపెట్టెలో వేయుట తగదనిరి గనుక మనమును వేయరాదని ఒకరు చెప్పిరి. ఆమె కల్మషములేని మనస్సుతో అర్పించినది గనుక దేవుడు అంగీకరించెనని మరియొకరు చెప్పిరి. చాలసేపు వాదము జరిగెను. ఆ యాజకులు నాణెములయెడల ఎంతో జాగ్రత్తపడి, నాణెములు తెచ్చి పశ్చాత్తాపపడినవానిని నీ సంగతి నీవే చూచుకొనుమని పంపివేసిరి. మాకు ఆ సంగతియే భయము కలిగించెను. నూరు రూపాయలను పవిత్రముగా వేరుచేసి, ముప్పది యెనిమిది వేలతో ఆమెను ఒంటరిగా వదలినయెడల మన పవిత్రత ఏపాటిది? కాబట్టి మొదట పాస్టరుగారును కోశాధికారియు ఆమెతోకూడ పోలీసు స్టేషనుకును బ్యాంకుకును మూడుమారులు పోయిరి. స్త్రీల సమాజమువారు డ్వాక్రా వాయిదాలు రెండు కట్టిరి. అప్పంతయు తీర్చు శక్తి మా సంఘమునకు లేదు.

ఆమె తన తోడికోడలికికూడ ఆ లింకు పంపి యుండెను. ఆ తోడికోడలు ఆరు వేలు పోగొట్టుకొని, ఇప్పుడు వాకిటిలో ఎదురుపడినను పలుకదు. ఆ ఆరు వేలను స్త్రీల సమాజము ముట్టవద్దనియు, జక్కయ్యవలె తానే తీర్చెదననియు మా సహోదరి పట్టుపట్టెను. పట్టణములోనున్న ముగ్గురు పిల్లలకు సాయంకాలము ఫోనుమీద తెలుగు, లెక్కలు చెప్పు పని పంతులుగారొకరు మాట్లాడి పెట్టిరి. నెల తిరిగిన తరువాత పిల్లల తండ్రులు జీతము పంపిరి. అందులోనుండి అయిదు వందలు ఆమె తోడికోడలి గుమ్మమునొద్ద ఇచ్చి వచ్చెను. తోడికోడలు పుచ్చుకొనెను గాని పలుకలేదు.

ఆ నూరు రూపాయల సంగతి పోలీసువారికి వ్రాసి యిచ్చితిమి. సొమ్ముగలవారు ఎవరో తేలినప్పుడు తెలియజేసెదమనిరి. అంతవరకు అది ఆమె తెచ్చిన కవరులోనే, సంఘపు లెక్కలో చేరక, కోశాధికారి పెట్టెలో వేరుగా నున్నది.